రూతు పేరు మీద నేను రాసిన పేజీ

ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకుంటామని ఈ మధ్య కొందరు పిల్లలు నా దగ్గరికి వస్తున్నారు. ఏ ప్రింటర్ మంచిది, నెట్ ఎవరిది తీసుకోవాలి, బోర్డు మీద ఏమేం రాయించాలి అని అడుగుతారు. ఈ కుర్చీలో కూర్చుని ఎదుటి మనిషికి ఎంత నష్టం చేయగలమని మాత్రం ఒక్కడూ అడగలేదు. అడగకపోయినా చెబుతాను. దుకాణం ఎత్తేశాను కాబట్టి గిరాకీ పోతుందన్న భయం నాకిప్పుడు లేదు.

నేను చదివింది ఏడో తరగతి. ఆ తర్వాతి చదువంతా ఒక చిరిగిన డిక్షనరీ, పొట్లాలు కట్టి వచ్చిన ఇంగ్లీషు పేపర్లు. చేవెళ్లలో తహసీల్ ఆఫీసు గోడ పక్కన చేత్తో అర్జీలు రాయడంతో మొదలుపెట్టాను. తర్వాత టైపు మిషన్ వచ్చింది. ఆ తర్వాత మొయినాబాద్ బస్టాప్ ఎదురుగా ఒక మడిగె కిరాయికి తీసుకుని రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్ పెట్టుకున్నాను. చివరి పదేళ్లు ఎక్కువగా ఇంటర్ అయిపోయిన పిల్లల ఫారాలే నింపాను. పరీక్షల ఫారాలు, కౌన్సెలింగ్ ఫారాలు, పెద్ద పెద్ద యూనివర్సిటీల దరఖాస్తులు.

వేలు మనది, బతుకు వాళ్లది

ఈ పని ఎట్లా ఉంటుందో ఒక ముక్క చెబుతాను. పిల్లాడి ఫారం నింపుతుంటే ఓటీపీ వాళ్లమ్మ ఫోనుకు పోతుంది. ఆమె ఏదో ఫామ్‌హౌస్‌లో లాన్ మధ్య కూర్చుని కలుపు తీస్తుంటుంది. ఫోన్ చేస్తాను.

"అవ్వా, మెసేజ్ వచ్చిందా?"

"ఏందో వచ్చింది సారు. టింగుమన్నది."

"అండ్ల అంకెలుంటయి, జర చదువు."

"నాకు చదువస్తే నీ దుకానం ముంగట లైన్ల ఎందుకు నిలవడ్త సారు?"

అక్కడ నీళ్లు పట్టే మనిషినో, కారు డ్రైవరునో పిలిచి ఆమె చదివించేలోపు టైము అయిపోతుంది. మళ్లీ మొదటికి. నవ్వొచ్చే సంగతే. కానీ గమనించండి, ఆ ఫారంలో ఏముందో ఆ తల్లికి తెలియదు, సగంసార్లు పిల్లాడికీ తెలియదు. మనం ఏది నొక్కితే అదే.

ముడిమ్యాల నుంచి ఒక రైతు తన కొడుకును తీసుకొచ్చాడు. క్యారెట్ పండించే మనిషి, మాట మీద నిలబడే మనిషి. కౌన్సెలింగ్‌లో కాలేజీల వరస పెట్టాలి. పెద్దవి నాలుగు పెట్టి, ఇంక కిందివి కూడా కొన్ని పెడదామన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు సారు. చిన్న కాలేజీ రాస్తే చిన్నదే ఇస్తరు. మనమే తగ్గితే వాళ్లెందుకు పెంచుతరు?" సంతలో బేరమాడిన మనిషి లెక్క అది. తప్పని నాకు తెలుసు. అయినా తండ్రి మాటకు ఎదురెందుకని నాలుగే పెట్టి లాక్ చేశాను. పిల్లాడికి ఆ ఏడు ఏ సీటూ రాలేదు. తెలిసి కూడా నోరు మూసుకోవడం మర్యాద కాదు, పిరికితనం. ఆ ముక్క అప్పుడే నేర్చుకుని ఉంటే తర్వాతి కథ ఉండేదే కాదు.

ఖాదర్ సాబ్ నేర్పిన విద్య

నాకు అర్జీ రాయడం నేర్పింది ఖాదర్ సాబ్. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మూడింట్లోనూ ఆయన చెయ్యి గుర్రంలా పరుగెత్తేది. గొప్ప మనిషి. నన్ను చెడగొట్టింది కూడా ఆయనే అని ఇవాళ అనగలను.

కొత్తలో ఒక విధవరాలి పెన్షన్ అర్జీ నేను సొంతంగా రాశాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. భర్త పోయాడు, ఒక ఎకరం ఉన్నది, కొడుకు కూలికి పోతాడు, తనకు చేతనైనంత తను చేస్తుంది. ఆఫీసరు చదివి, ఆమె కట్టుకున్న ఉతికిన చీర వైపు చూసి, "ఇంత మంచిగున్నంక ఇంక అర్జీ ఎందుకమ్మా?" అని కాయితం వెనక్కి ఇచ్చేశాడు.

ఖాదర్ సాబ్ నన్ను తిట్టలేదు. ఇంకో కాయితం తీసి తనే రాశాడు. ఎకరం పోయింది, కొడుకు పోయాడు, కళ్లు కూడా సగం పోయాయి. ఆమెను ఇంటికి పంపించి పాత చీర కట్టుకుని రమ్మన్నాడు. అదే ఆఫీసరు, అదే వారం, సంతకం పెట్టాడు.

"చూసినవా?" అన్నాడు ఖాదర్ సాబ్ బీడీ వెలిగించుకుని. "సర్కారు కుర్చీ ఎత్తు మీద ఉంటది బేటా. మనిషి ఎంత కిందికి కనవడితే అంత మంచిగ కనవడ్తడు."

ఆ మాట నేను నలభై ఏళ్లు మోశాను. కుంటివాణ్ణి నడవలేనివాడని రాశాను, దగ్గేవాణ్ణి చావబోతున్నాడని రాశాను. రాసిన ప్రతిసారీ పని అయింది. ఎవరిది తప్పంటారు? పేదవాడు ఏడిస్తే తప్ప కలం కదలని ఆఫీసులది కాదా? ఆ కోపం నాకు ఇప్పటికీ ఉన్నది. కానీ కోపం వేరు, అలవాటు వేరు. నాకు కోపం ఉన్నదన్న ధీమాతో నా అలవాటును నేను చూసుకోలేదు.

రూతు

మొయినాబాద్ పక్క ఊరు హిమాయత్‌నగర్ (పట్నంలోది కాదు) నుంచి ఒక మధ్యాహ్నం దావీదు తన బిడ్డను స్కూటర్ మీద తీసుకొచ్చాడు. దావీదు ఒక ఫామ్‌హౌస్‌లో వాచ్‌మన్. అంతకుముందు మేస్త్రీ పని చేసేవాడు. ఆరేళ్ల కింద గోడకు కర్రలతో కట్టిన గోవ మీదినుంచి పడి తుంటి విరిగింది. కొన్ని నెలలు మంచంలో ఉండి లేచాడు. అప్పటినుంచి కాలు ఈడ్చి నడుస్తాడు. బిడ్డ పేరు రూతు. గురుకులంలో ఇంటర్ చదువుతున్నది. అక్కడి టీచరమ్మ ఉత్తరాదిన ఉన్న ఒక పెద్ద యూనివర్సిటీ పేరు చెప్పి, దరఖాస్తు పెట్టమన్నది. వేలమంది పెడితే గుప్పెడుమందికి ఇస్తారు. కానీ ఇస్తే చదువు, తిండి, ఉండటానికి గది, అన్నీ వాళ్లే చూసుకుంటారు. రానిపక్షంలో రూతుకు మిగిలేది మెహదీపట్నం బస్సు, ఏదో ఒక డిగ్రీ కాలేజీ, సాయంత్రం ఎక్కడో కొలువు.

"మార్కులు మస్తున్నయి సారు," అన్నాడు దావీదు. "మొన్న ఆదివారం చర్చిల పాస్టరయ్య మా సీటు కోసం ప్రార్థన చేసిండు. ఇగ దేవుని వంతు అయిపోయింది, నీ వంతే ఉన్నది."

మార్కుల సంగతి అట్లా ఉంచితే, ఆ యూనివర్సిటీ వాళ్లు ఒక పేజీ వ్యాసం అడిగారు. నువ్వెవరు, నిన్ను ఏది ఆలోచింపజేసింది, నీ మాటల్లో రాయి అని.

నగరంలో ఇట్లాంటి వ్యాసాలు నేర్పడానికే మనుషులు ఉన్నారు. పెద్ద స్కూళ్ల పిల్లలను తొమ్మిదో తరగతి నుంచే పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో వాక్యాన్నీ పది సార్లు దిద్దించి, అదే ఆ పిల్ల సొంత గొంతు అనిపించేట్టు చేస్తారు. హిమాయత్‌నగర్ పిల్లకు నేనున్నాను. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకు ఎవరైనా చెప్పాలి.

రూతు తన పేజీ ముందే రాసుకొచ్చింది. నోట్‌బుక్ కాయితం, బాల్‌పెన్ను. వాళ్ల నాన్న కాపలా ఉండే ఫామ్‌హౌస్ వెనక ఒక పాత బావి ఉన్నది. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా రూతు ఒక తాడుకు ముడులు వేసి, చివర రాయి కట్టి ఆ బావిలోకి వదిలి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో చూసేది. తను హాస్టల్లో ఉన్న రోజుల్లో తండ్రితో చూపించి ఫోనులో చెప్పించుకుని రాసుకునేది. రెండేళ్లు రాసింది. సోమవారం నాడు నీళ్లు కిందికి పోతున్నాయని, గురువారానికి కొంచెం పైకి వస్తున్నాయని కనిపెట్టింది. ఎందుకని చూస్తే, శని ఆదివారాలు చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లకు నగరం నుంచి మనుషులు వస్తారు, వాళ్ల కోసం ముందు ఈత కొలనులు నింపుతారు, లాన్‌లు తడుపుతారు. బోర్లన్నీ ఒక్కసారి నడుస్తాయి. మా ఊరి నీళ్లకు కూడా వారాలు తెలుసని నాకు అప్పుడు అర్థమైంది అని రాసింది. భూమిలోని నీళ్ల సంగతి చెప్పే చదువే చదవాలని ఉన్నదని రాసింది.

ఆ పేజీ చదివి ఆ రోజు నేను ఏమన్నానో చెప్పనా?

"బావి లోతు ఎవనికి కావాలె బిడ్డా? ఇది చదివి సీటిస్తడా ఎవడన్న?"

"టీచరమ్మ మంచిగున్నదన్నది తాతా."

"టీచరమ్మ ఎన్ని అర్జీలు రాసింది? నేనెన్ని రాసిన?"

నేను కంప్యూటర్ ముందు కూర్చుని నాకు వచ్చిన ఇంగ్లీషంతా బయటికి తీశాను. నా తండ్రి ఆరేళ్లుగా మంచం పట్టి లేవలేని స్థితిలో ఉన్నాడు, నా తల్లి కన్నీళ్లతో కలుపు తీస్తున్నది, వీధి దీపం కింద చదువుకున్నాను, మీ దయ తప్ప నాకు దిక్కులేదు. బావి లేదు, తాడు లేదు, సోమవారం లేదు.

రూతు తెర మీద చదివింది. ఆమె ఇంగ్లీషు నా ఇంగ్లీషు కంటే మంచిది. మూడోసారి చదివాక మెల్లగా అన్నది.

"బాపు మంచంల లేడు కద తాతా. గదిగో, బయట స్కూటర్ తుడుస్తున్నడు."

"అప్పుడు వడ్డడా లేదా?"

"అప్పుడు వడ్డడు."

"మరింకేంది? అర్జీల గట్లనే రాస్తరు. వాళ్లేమన్న హిమాయత్‌నగర్ వచ్చి చూస్తరా?"

కింద ఒక గడి ఉన్నది. ఇది నేను స్వయంగా రాసినదని, ఇందులోనివన్నీ నిజమని ఒప్పుకుంటున్నాను అని. మన పనిలో ఆ గడి ఎవరూ చదవరు. నేను మాట్లాడుతూనే టిక్కు పెట్టి పంపించేశాను. ఈమెయిల్ కూడా నాదే ఇచ్చాను. ఊరి పిల్లలందరికీ నాదే ఇచ్చేవాణ్ణి, వాళ్లు పాస్‌వర్డ్ మర్చిపోతారని.

కుర్చీలో కూర్చోబోయే పిల్లలు ఇక్కడ ఆగి వినండి. ఆ టిక్కు మీరు పెట్టకండి. తెర వాళ్లవైపు తిప్పి, చదివి వినిపించి, మౌస్ వాళ్ల చేతికి ఇవ్వండి. లైను ఎంత పొడుగున్నా సరే.

ఇంటర్వ్యూ

మొదటి వడపోతలో రూతు పేరు వచ్చింది. నా పేజీ వల్లనే అని నేను మురిసిపోయాను. మార్కుల వల్ల, టీచరమ్మ రాసిచ్చిన ఉత్తరం వల్ల వచ్చి ఉంటుందని ఇప్పుడనుకుంటున్నాను. ఇంటర్వ్యూ వీడియోలో. రూతు ఇంట్లో సిగ్నల్ ఉండదని నా దుకాణంలోనే పెట్టుకున్నాం. షట్టర్ సగం దించాను. గిరాకీ లోపలికి రాకుండా దావీదు బయట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, తనను ఎవరూ చూడరని తెలిసి కూడా. నేను తెరకు కనబడకుండా జిరాక్స్ మిషన్ పక్కన నిలబడ్డాను.

అవతల ఒక పెద్దావిడ, ఒక యువకుడు. ఇద్దరూ మర్యాదస్తులు. పిల్ల భయపడుతున్నదని చూసి ముందు ఊరి గురించి, స్నేహితుల గురించి అడిగారు. సెలవుల్లో ఏం చేస్తావన్నారు. రూతు బావి సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ భయం పోయింది. తాడు, ముడులు, సోమవారం. చేతులతో లోతు చూపించింది. ఆ యువకుడు ముందుకు వంగి ప్రశ్న మీద ప్రశ్న వేశాడు. వాన పడ్డ వారం ఎట్లా ఉన్నది, బోరు దూరం ఎంత అని. రూతు అన్నింటికీ చెప్పింది. పెద్దావిడ నవ్వుతూ ఒక మాట అడిగింది.

"ఇంత మంచి సంగతి నీ వ్యాసంలో ఎందుకు రాయలేదు?"

రూతు తల దించుకుంది. ఆవిడ తన ముందున్న కాయితం తిప్పి, చాలా మెత్తగా ఇంకోటి అడిగింది. "మీ నాన్న లేవలేని స్థితిలో ఉన్నారని రాశావు. నువ్వు ఇంత దూరం వస్తే ఆయనను ఎవరు చూసుకుంటారు? ఇప్పుడు ఆయన దగ్గర ఎవరున్నారు?"

రూతు తెర మీదినుంచి చూపు తిప్పి నావైపు చూసింది.

నేను ఏం చేశానో దాచను. చేత్తో సైగ చేశాను. అమ్మ ఉన్నదని చెప్పు, అని.

ఆ పిల్ల ఒక క్షణం నన్ను చూసింది. మళ్లీ తెర వైపు తిరిగింది. "మై ఫాదర్ ఈజ్ సిట్టింగ్ అవుట్‌సైడ్, మేడమ్. హీ బ్రాట్ మీ ఆన్ స్కూటర్. హీ కెన్ వాక్."

తర్వాత ఆ యువకుడు అడిగాడు, ఈ వ్యాసం నీకు ఇంకెవరైనా రాసిచ్చారా అని. ఆ పిల్ల ఒక్క మాట చెబితే చాలు, తన మీది తప్పు నా మీదికి వచ్చేది. మిషన్ పక్కనుంచి రెండడుగులు వేసి నేనే చెప్పి ఉంటే ఇంకా బాగుండేది. నేను కదల్లేదు.

"నో సర్," అన్నది రూతు. "ఐ ఓన్లీ రోట్." తనే రాశానని.

షట్టర్ ఎత్తగానే దావీదు లేచి నిలబడ్డాడు. "ఏమడిగిన్రు బిడ్డా?"

"నీ గురించి అడిగిన్రు బాపు."

"నా గురించా!" ఆయన మొహం వెలిగిపోయింది. "అంత పెద్దోళ్లు నా గురించి ఎందుకడిగిన్రే?"

రూతు స్కూటర్ ఎక్కి కూర్చుంది.

జవాబు

సీటు ఇవ్వలేమన్న మెయిల్ నాకే వచ్చింది, నా అడ్రసు కాబట్టి. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు రూతే దుకాణానికి వచ్చింది. నా మొహం చూసి అర్థం చేసుకుని, "ఫికర్ జెయ్యకు తాతా, వేరే కాలేజీ ఫారం ఉంటే నింపు," అన్నది. ఈసారి ఫారం తనే నింపుకుంది. నేను పక్కన నిలబడ్డాను.

ఆ తర్వాత ఆ యూనివర్సిటీకి ఒక ఉత్తరం రాశాను. ఆ పేజీ రాసింది నేను, టిక్కు పెట్టింది నేను, అది నిజం కాదని పిల్ల చెప్పినా వినలేదు అని. దయ, కన్నీళ్లు, దిక్కులేనితనం ఏవీ పెట్టలేదు. నా జన్మలో అంత చిన్న అర్జీ రాయలేదు. నెల తర్వాత జవాబు వచ్చింది. ఈ ఏటి నిర్ణయం మారదు, కావాలంటే వచ్చే ఏడు ఆ అమ్మాయి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవచ్చు అని. ముందే చెప్పేస్తున్నాను, రూతు మళ్లీ పెట్టలేదు. ఇప్పుడు మెహదీపట్నం బస్సులో డిగ్రీకి పోయి వస్తున్నది. ఎందుకు పెట్టలేదని నేను అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

ఆ జవాబు ప్రింట్ తీసుకుని నేను హిమాయత్‌నగర్ పోయాను. రూతు కాలేజీ నుంచి రాలేదు. దావీదు ఫామ్‌హౌస్ గేటు దగ్గర ఉన్నాడు. నన్ను చూసి కుర్చీ తెచ్చి వేశాడు, నీళ్లు ఇచ్చాడు. కాయితం తీసుకుని మడత విప్పకుండానే జేబులో పెట్టుకున్నాడు. గేటు వైపు చూస్తూ అడిగాడు.

"సారు, నేను మంచంల ఉన్ననని రాసినవట గద. మొన్న బిడ్డను గట్టిగ అడిగితే చెప్పింది."

నేను తల ఊపాను.

"రాస్తే రాసినవు తియ్యి. నాలుగచ్చరాలకు నాకేమైతది?" ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను చంపింది. "ఆ దినం నేను రాకుంటే అయిపోతుండె గద. జర ముందుగల్ల నాతోని చెప్తే ఇంట్లనే పండుకుని ఉందును. బిడ్డ ఒక్కతే ఆటోల వస్తుండె."

"అది కాదు దావీదు..."

"మరేంది సారు? నేను నడిసినందుకే కద సీటు పోయింది?"

బయట కారు హారన్ కొట్టింది. శుక్రవారం సాయంత్రం, నగరం నుంచి వస్తున్నారు. "వస్తున్న సార్, వస్తున్న," అంటూ దావీదు కాలు ఈడ్చుకుంటూ గేటు దాకా పరుగెత్తి, రెండు రెక్కలూ తీసి, పక్కకు జరిగి నిలబడ్డాడు.